బొమ్మకా... డబ్బాకా డబ్బులు?

“బ్రో, కార్డ్ మింటేనా?”

ఇన్‌స్టాలో నాకొచ్చే మెసేజ్‌లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. కారు రంగు ఎలా ఉంది, చక్రాలు బాగా తిరుగుతున్నాయా అని అడిగేవాళ్లు తక్కువ. కార్డు మూలలు మడిగాయా? పైన ప్లాస్టిక్ బుడగ నొక్కుకుపోయిందా? కొక్కేనికి తగిలించే కన్నం చిరిగిందా? ఇవీ ప్రశ్నలు.

నేనుండేది కాశీబుగ్గలో. పగలు ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. సాయంత్రం నుంచి నా లోకం వేరు. హాట్ వీల్స్ కార్లు కొంటాను, దాచుకుంటాను, కొన్ని అమ్ముతాను. వచ్చిన డబ్బుతో మళ్లీ కార్లే కొంటాను. మా అమ్మకి ఈ వ్యవహారం ఇప్పటికీ అంతుపట్టదు. “తెరవని బొమ్మకి ఎక్కువ డబ్బులేటిరా? ఆడుకోడానికే కదా బొమ్మ!” అంటుంది.

అమ్మ అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. బొమ్మలు దాచుకునేవాళ్లూ అమ్మేవాళ్లూ ఎక్కడ కలిసినా ఈ వాదన ఉంటుంది. డబ్బా ముఖ్యమా, బొమ్మ ముఖ్యమా? కొన్నేళ్లుగా కొంటూ అమ్ముతూ నాకు అర్థమైంది చెబుతాను.

కార్డు చెప్పే సాక్ష్యం

మా భాషలో రెండే రకాలు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అట్టకార్డు మీద, ప్లాస్టిక్ బుడగ లోపల అలాగే ఉంటే ‘మింట్ ఆన్ కార్డ్’. బయటికి తీసేస్తే ‘లూజ్’. అదే కారు, అదే రంగు, ఒక్క గీత కూడా పడలేదు. అయినా లూజ్ అనగానే ధర దిగిపోతుంది. అరుదైన కారు అయితే సగానికి పడిపోవడం కూడా చూశాను.

ఎందుకంటే, కార్డు వట్టి అట్టముక్క కాదు. హాట్ వీల్స్‌ని అమెరికాలో మాటెల్ కంపెనీ 1968లో 16 మోడళ్లతో మొదలుపెట్టింది. 1995 నుంచి మామూలు కార్ల మధ్యే కొన్ని అరుదైనవి కలిపి వదులుతోంది. వాటిని ట్రెజర్ హంట్ అంటారు. అందులోనూ ఇంకా అరుదైనవి సూపర్ ట్రెజర్ హంట్. వాటికి మెరిసే ప్రత్యేకమైన పెయింట్, రబ్బరు టైర్లు ఉంటాయి. కారు మీద ఎక్కడో చిన్నగా ‘టీహెచ్’ అని ఉంటుంది. ఈమధ్య వస్తున్నవాటికి కారు వెనకాల కార్డు మీద బంగారు రంగులో మంట గుర్తు కూడా ఉంటుంది. అంటే రుజువు కొంత కారు మీద, కొంత కార్డు మీద ఉందన్నమాట. కార్డు పారేస్తే సాక్షుల్లో ఒకడు తగ్గిపోయినట్టే.

పైగా కారు అడుగున ఉండే రివెట్లు డ్రిల్‌తో తొలిచి, మామూలు చక్రాలు తీసి రబ్బరు టైర్లు బిగించడం చెయ్యి తిరిగినవాళ్లకి పెద్ద పనేం కాదు. సరదాకి చేసుకుంటే తప్పు లేదు. నేను కూడా ముచ్చటపడి చూస్తాను. దాన్ని అసలుదని చెప్పి అమ్మితేనే మోసం. సీల్ తియ్యని కార్డు మీద ఉన్న కారుకి ఆ అనుమానం తక్కువ.

కొత్తగా ఈ సరదాలోకి వచ్చినవాళ్లకి ఒక మాట. కార్డు మీద ఎం.ఆర్.పి., దిగుమతి వివరాలతో అతికించిన స్టిక్కర్ చూడ్డానికి బాలేదని పీకేస్తుంటారు. పీకితే అట్ట పైపొర కూడా లేచి వచ్చేస్తుంది. అదొక్కటే కాదు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకి బి.ఐ.ఎస్. గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు, ఆ స్టిక్కర్ ఈ బొమ్మ సరైన దారిలో ఇక్కడి షాపుకి వచ్చిందని చెప్పే కాగితాలు. వాటిని అలాగే ఉండనివ్వండి.

గుండు, బద్ద, ముక్క

పలాసలో పెరిగినవాళ్లకి ఈ గొడవ అర్థం కావడానికి బొమ్మలే అక్కర్లేదు. జీడిపప్పు చాలు.

మా షాపులో పప్పు గ్రేడులుగా విడిపోయి ఉంటుంది. డబ్ల్యూ 180 అంటే పౌనుకి దాదాపు 180 గుండ్లు తూగే పెద్ద పప్పు. ఆ తర్వాత 210, 240, 320. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. గుండు రెండుగా విడిపోతే బద్ద. ఇంకా విరిగితే ముక్క. ధర మెట్టు మెట్టుగా దిగిపోతుంది. అదే చెట్టు, అదే పిక్క, అదే బట్టీ. పాయసంలో వేశాక గుండుకీ బద్దకీ రుచిలో తేడా చెప్పగలిగిన మనిషిని నేనింకా చూడలేదు.

షాపుకి వచ్చే మనుషుల్ని గమనిస్తే అసలు సంగతి తెలుస్తుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నేరుగా వస్తారు. రెండు పలుకులు నోట్లో వేసుకుని, “ఇయ్యే కట్టెయ్” అంటారు. గ్రేడు అడగరు. ఎక్కడో దూరం నుంచి ఫోన్‌లో ఆర్డరిచ్చేవాడికి ఆ వీలు లేదు. అతనికి నంబరు కావాలి, టిన్ను సీల్ కావాలి. తిని చూడలేనివాడికి గ్రేడే నాలుక.

బొమ్మ డబ్బా కూడా అంతే. కొనేవాడు మనకి ఎంత దూరంలో ఉంటే డబ్బా అంత ముఖ్యం. దూరమంటే కిలోమీటర్లొక్కటే కాదు, పరిచయంలో దూరం కూడా.

ఒకసారి టెక్కలి నుంచి ఒక తమ్ముడు బస్సెక్కి వచ్చాడు. కార్డు మూల బాగా మడిగిపోయిన కారు ఒకటి చేతిలోకి తీసుకుని, వెలుగులో తిప్పి చూసి, దాదాపు నేనడిగిన ధరే ఇచ్చాడు. ఇంటికెళ్లి తెరిచేస్తానన్నాడు. అంతకుముందు అదే కారుకి పుణె నుంచి బేరమాడినాయన ఆ మూల ఫొటో చూసి మూడో వంతు తగ్గించమన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. నేనెవరో ఆయనకి తెలీదు. మూల మడిగిందంటే ఇంకేం దాస్తున్నానో అనుకుంటాడు. డబ్బా బాగుంటే సరుకు జాగ్రత్తగా చూసుకున్నారని నమ్ముతాడు. తెలియని మనిషి మీద నమ్మకం ఆ అట్ట మీద పెట్టుకుంటాడు.

మన ఏటికొప్పాక లక్కబొమ్మల సంగతి చూడండి. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని కొనేవాళ్లు అంకుడు కర్ర మీద లక్క ఎంత నున్నగా పట్టింది, రంగు ఎలా అంటుకుంది అని చేత్తో తడిమి చూస్తారు. ఏ అట్టపెట్టెలో వచ్చిందని ఎవరూ అడగరు. చేసినవాడి చెయ్యి బొమ్మ మీదే కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో లక్షల్లో ఒకేలా తయారయ్యే బొమ్మకి ఆ చేతిగుర్తు ఉండదు. అందుకే అక్కడ డబ్బా మాట్లాడాల్సి వస్తుంది.

ఖాళీ డబ్బా అమ్మిన కంపెనీ

డబ్బా బలం ఎంతంటే, ఒకసారి లోపల బొమ్మ లేకుండానే అమ్ముడుపోయింది. 1977లో ‘స్టార్ వార్స్’ సినిమా హిట్టయింది. క్రిస్మస్ వచ్చేసరికి బొమ్మలు తయారవలేదు. కెన్నర్ కంపెనీ ఏం చేసిందంటే, బొమ్మల్లేని అట్ట ప్యాకెట్‌లో ఒక సర్టిఫికెట్ పెట్టి అమ్మింది. సర్టిఫికెట్ పోస్టులో పంపితే, వచ్చే ఏడాది నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయి. జనం కొన్నారు. ఇప్పుడు ఆ ప్యాకెట్‌ని కూడా వెతికి కొనేవాళ్లున్నారు.

దీనికి సరిగ్గా రివర్స్ జి.ఐ. జో సైనికుడి బొమ్మలు. 1982లో మొదలైన ఆ సిరీస్‌లో ప్రతి కార్డు వెనకాల ఆ సైనికుడి వివరాలు అచ్చేసి, చుట్టూ చుక్కల గీత గీసేవారు. కత్తిరించి దాచుకోమని కంపెనీయే చెప్పింది. పిల్లలు బుద్ధిగా కత్తిరించారు. అందుకే కత్తిరించని కార్డుకి ఇవాళ అంత గిరాకీ. చెప్పిన మాట వినని పిల్లల కార్డులే ఖరీదు పలుకుతున్నాయి!

ఈ కథలో మనమూ ఉన్నాం. ఎం.ఆర్.ఎఫ్. వారి ఫన్‌స్కూల్ కంపెనీ గోవా ఫ్యాక్టరీలో జి.ఐ. జో బొమ్మలు తయారుచేసేది. అమెరికాలో ఆ సిరీస్ 1994లో ఆగిపోయినా, ఇక్కడ ఆ తర్వాత కూడా వచ్చాయి. అందుకే మన ఫన్‌స్కూల్ కార్డుల కోసం అమెరికా కలెక్టర్లు కూడా వెతుకుతుంటారు. పాత ఇళ్ల అటకల మీద ఎవరికైనా ఉండొచ్చు. ఓసారి చూసుకోండి.

“దాచితే లాభమే కదా మరి?” అంటారా? లెగో సెట్ల మీద రష్యాలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు లెక్క కట్టారు. 1987 నుంచి 2015 మధ్య వచ్చిన దాదాపు 2,300 సెట్ల ధరలు చూస్తే, తెరవకుండా ఉంచినవాటి విలువ ఏడాదికి సగటున 11 శాతం పెరిగింది. వినడానికి బాగుంది. అయితే అది సగటు. నష్టపోయిన సెట్లు కూడా అందులో ఉన్నాయి. అన్నేళ్లు అట్టని కాపాడటం ఎవరి పని అనేది ఆ 11 శాతంలో కనిపించదు.

మా గాలికి అట్ట ఆగదు

ఏసీ గదిలో బొమ్మలు పెట్టుకునేవాళ్లు చెప్పే సలహాలు మా ఉద్దానంలో పనిచెయ్యవు. ఇక్కడ ఉప్పుగాలి. వానాకాలంలో బియ్యం డబ్బా మూత తీస్తేనే చెమ్మ వాసన. అట్ట అప్పడంలా వంగుతుంది. బుడగ అంటించిన జిగురు వదిలేస్తుంది. వెనక నల్లటి బూజు చుక్కలు వస్తాయి. ఇవి చాలవన్నట్టు చెదలు.

నేను చేసేది చెబుతాను. ఒక్కో కార్డుకి ఒక్కో గట్టి ప్లాస్టిక్ ప్రొటెక్టర్. అవన్నీ మూత బిగువుగా పట్టే పెద్ద డబ్బాలో. లోపల సిలికా జెల్ పొట్లాలు, వానలు మొదలవగానే కొత్తవి. డబ్బా నేల మీద కాదు, బయటి గోడకి ఆనించీ కాదు. ఎండ తగలకూడదు, తగిలితే ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. పార్సిల్ చేసేటప్పుడు అట్టపెట్టెలో ఇంకో అట్టపెట్టె. టేపు కార్డుకి ఎక్కడా తగలకూడదు. ప్యాక్ చేస్తూ వీడియో తీస్తాను. అందుకున్నవాళ్లని తెరుస్తూ తియ్యమంటాను. ఓసారి ఒక కొరియర్‌లో నా పార్సిల్ అప్పడమై చేరింది. వీడియో ఉంది కాబట్టి మా ఇద్దరి మధ్య గొడవ రాలేదు.

తుపానుకి మాత్రం ఏ ప్రొటెక్టరూ లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగాయి. వజ్రపుకొత్తూరు మండలంలో మా పెద్దమ్మ వాళ్లింటి రేకులు ఎగిరిపోయాయి. వాన నేరుగా బీరువా మీద కురిసింది. ఆ బీరువాలో, చీరల కింద, ఒక బొమ్మ ఉంది.

పెద్దమ్మ బీరువాలో సైనికుడు

పెదనాన్న కొబ్బరికాయల లోడుతో విశాఖ వెళ్లినప్పుడు ఫన్‌స్కూల్ సైనికుల్ని రెండు కొన్నాడు. ఒకటి అన్నయ్య ఆడుకోడానికి ఇచ్చాడు. రెండోది కార్డు వెనక పెన్నుతో అన్నయ్య పేరు రాసి, తారీఖు వేసి, ‘టెన్త్ పాసయ్యాక ఇవ్వాలి’ అని రాసి బీరువాలో పెట్టాడు. అన్నయ్య టెన్త్ పాసయ్యాడు. అప్పటికి అతనికి బొమ్మ కాదు, సైకిల్ కావాలి. బొమ్మ అక్కడే ఉండిపోయింది. తర్వాత కొన్నేళ్లకి, మా వైపు చాలా ఇళ్లలో జరిగినట్టే, పెదనాన్న కిడ్నీ జబ్బుతో పోయాడు.

తిత్లీ తర్వాత తీసి చూస్తే కార్డు మీద నీరు నిలిచిన గోధుమరంగు గీత. అట్ట కాస్త ఉబ్బింది. బుడగ మాత్రం ఊడలేదు. కొన్నాళ్లకి నేను ఫొటోలు తీసి కలెక్టర్ల గ్రూపులో పెట్టాను. బెంగళూరు నుంచి ఒకాయన అడిగాడు. ఆయన చెప్పిన ధరకి పెద్దమ్మ వంటింటి రేకులు మార్చుకోవచ్చు. “పెన్ను రాత లేకపోతే ఇంకా ఎక్కువ ఇచ్చేవాణ్ణి” అన్నాడు. ఆ రాత చెరిపే మార్గాలున్నాయని ఇంకొకరు సలహా ఇచ్చారు.

నేను వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దమ్మ కార్డు తిప్పి వెనక్కి చూసింది. “రాత తీసేస్తే ఎక్కువిస్తాడా? ఆ రాత కోసమేరా నాయినా నేను దాసింది. బొమ్మ ఎవుడిక్కావాల?” అంది.

అన్నయ్య ఓడలో పనిచేస్తాడు. వీడియో కాల్‌లో అడిగితే అతని మాట ఇంకోలా ఉంది. “అమ్మేస్తే అమ్మెయ్ అమ్మా. దాన్ని నేను ముట్టుకున్నదే లేదు, ఏటి గుర్తుంటాది? ఇసకలో ఆడుకున్న రెండోది ఉంది సూడు, చెయ్యి ఇరిగింది, దాన్ని మాత్రం పారెయ్యకు.”

నేను కాసేపు ఏం మాట్లాడలేకపోయాను. కొనేవాడికి రాత లేని డబ్బా కావాలి. పెద్దమ్మకి రాత ఉన్న డబ్బా కావాలి. అన్నయ్యకి డబ్బాయే లేని, పైసా విలువ చెయ్యని బొమ్మ కావాలి. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. ఏ ధరల పట్టికా ఈ మూడింటినీ ఒక లైన్‌లో పెట్టలేదు.

బేరం వదిలేశాం. తర్వాత అన్నయ్య కొడుకుతో కలిసి సెలవుకి వచ్చాడు. ఒక మధ్యాహ్నం పెద్దమ్మే బీరువా తీసి, కార్డూ కత్తెరా తెచ్చి అన్నయ్య ముందు పెట్టింది. “టెన్త్ పాసయ్యావు కదా, ఇచ్చీమన్నాడు మీ నాన” అంది. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. అట్ట కొయ్యకుండా, బుడగ అంచు వెంట జాగ్రత్తగా తనే కత్తిరించింది.

అన్నయ్య బొమ్మని తీసి నడుం వంచాడు. టప్‌మని నడుం దగ్గర రెండు ముక్కలైంది. పిల్లాడు కెవ్వుమన్నాడు.

ఆ బొమ్మల నడుంలో చిన్న రబ్బరు రింగ్ ఉంటుంది. పై సగాన్నీ కాళ్లనీ పట్టి ఉంచేది అదే. ఏళ్లు గడిస్తే రబ్బరు పెళుసెక్కుతుంది, డబ్బాలో ఉన్నా సరే. ఒక్కసారి కూడా ముట్టుకోని బొమ్మ లోపల్లోపల పాడైపోయింది. డబ్బా దాన్ని లోకం కంటికి కొత్తగా చూపించింది, అంతే.

వీపు మీద ఉండే స్క్రూ తీస్తే రింగ్ మార్చొచ్చు. మర్నాడు కాశీబుగ్గలో ప్లంబింగ్ సామాను షాపుకెళ్లి, కొలత సరిపోయే రింగులు నాలుగు కొన్నాను. రెండు బొమ్మలకీ వేశాం. చెయ్యి విరిగినవాడూ ఇప్పుడు నిలబడుతున్నాడు. పెదనాన్న రాత ఉన్న కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రేషన్ కార్డు, ఆధార్‌ల దగ్గర పెట్టుకుంది పెద్దమ్మ. వంటింటి రేకులు మాత్రం ఇంకా పాతవే. గట్టి వానొస్తే గిన్నె పెడుతుంది.

మరి డబ్బా ముఖ్యమా?

అమ్మాలనుకుంటే ముఖ్యమే. అందులో మొహమాటం లేదు. ముక్కు మొహం తెలియనివాడి డబ్బులు కావాలంటే, అతనికి నమ్మకం కలిగించేది ఏదో ఒకటి చూపించాలి. మడత పడని మూల ఆ పని చేస్తుంది. మడత పడితే నిజం చెప్పడమూ ఆ పని చేస్తుంది, కాస్త తక్కువ ధరకి. నేను పెట్టే ప్రతి పోస్టులో కార్డు నాలుగు మూలలూ, వెనక వైపూ ఫొటోలుంటాయి. చెమ్మ మరక ఉంటే ‘చెమ్మ మరక’ అని రాస్తాను. అలా రాయడం మొదలెట్టాక రెండోసారి వచ్చేవాళ్లు పెరిగారు. రెండోసారి వచ్చినవాళ్లు “కార్డ్ మింటేనా” అని అడగడం తగ్గించారు. నేను తెలుసు కదా మరి.

దాచుకోవాలనుకుంటే మాత్రం, ఎవరి కోసం దాస్తున్నారో ముందే అనుకోండి. ‘టాయ్ స్టోరీ 2’ చూసినవాళ్లకి డబ్బాలోనే ఉండిపోయిన స్టింకీ పీట్ గుర్తుండే ఉంటాడు. ఒక్క పిల్లాడూ ఆడుకోలేదని లోకం మీదే కోపం పెంచుకున్న బొమ్మ. బొమ్మలకి నిజంగా కోపం రాదు. కానీ అన్నయ్య ‘ముట్టుకున్నదే లేదు’ అన్నప్పుడు నాకు వాడే గుర్తొచ్చాడు.

ఇప్పుడు కొన్న ప్రతి కారు గురించీ ఇంటికి తెచ్చిన రోజే తేల్చేస్తాను. అమ్మేదైతే ప్రొటెక్టర్‌లోకి. నాదైతే ఆ రాత్రికే బుడగ కోసేస్తాను. నాకు నచ్చిందే రెండు దొరికితే ఒకటి అటు, ఒకటి ఇటు. తేల్చకుండా డబ్బాలో పెట్టి మర్చిపోవడం మాత్రం చెయ్యను. మా ఊరి గాలికి అట్టా ఆగదు, రబ్బరూ ఆగదు.